పదమూడు వారాల్లో పట్టని భక్తురాలు

రేడియోలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ నన్ను చూడటానికి వస్తుంటారు. టీ తాగి, బిస్కట్లు తిని, లేచేముందు అందరూ ఒకే ప్రశ్న వేస్తారు. "మేడమ్, మీ సర్వీసు మొత్తంలో మీకు బాగా నచ్చిన ప్రోగ్రాం ఏది?" అని. అవార్డు వచ్చినదాని సంగతి చెబుతానని వాళ్ళ ఆశ. నాకు అవార్డు వచ్చింది మిరపతోటల్లో పురుగుమందు ఎట్లా కొట్టాలో చెప్పిన కార్యక్రమానికి. మంచి కార్యక్రమమే, కాదనను. కానీ దాన్ని తలుచుకుంటే నాకు నవ్వూ రాదు, కడుపు నిండినట్టూ ఉండదు. ఆ రెండూ కలిగేది ఇంకొకదాన్ని తలుచుకున్నప్పుడు. మేము వద్దనుకుని, కొట్టేసి, ఆఖరికి చచ్చినట్టు చేసిన ఎపిసోడ్ అది.

నేను రిటైర్ కావడానికి ముందు ఏడాది మాట. చండ్రుగొండ దాటి అడవి అంచుకు పోతే ఒక ఊరుంది. ఒకవైపు పామాయిల్ తోటలు, ఇంకోవైపు టేకు, నల్లమద్ది. ఆ ఊరివాళ్ళ దగ్గర శివభక్తుల జీవితాల పుస్తకం ఒకటి ఉంది. ఏడెనిమిది వందల ఏళ్ళ కింద మన దేశంలో ఇట్లాంటి సంకలనాలు చాలా పుట్టాయి. రాజును పొగిడితే అగ్రహారాలు వచ్చే కాలంలో, ఎవరో కొందరు కవులు పనిగట్టుకుని కుండలు చేసేవాళ్ళవీ, బట్టలు ఉతికేవాళ్ళవీ, చెప్పులు కుట్టేవాళ్ళవీ బతుకులు ఏరి ఒకచోట పేర్చారు. ఈ ఊరి పుస్తకం వాటికి మనవరాలి వరస అవుతుంది. రాసిందెవరో తెలియదు. చేతులు మారి మారి, ఎత్తి రాసుకుంటూ వచ్చారు. పేరున్న గ్రంథాల్లో కనపడని భక్తులు ఇందులో ఉన్నారు.

పుస్తకం కన్నా దాని వాడకం నాకు ఎక్కువ నచ్చింది. అందులో పదమూడు కథలు. ఊళ్ళో పదమూడు ఇళ్ళవాళ్ళు తలా ఒక భక్తుణ్ణి పంచుకున్నారు. ఎప్పుడు పంచుకున్నారంటే తాతలనాడు అంటారు. అన్ని కులాల ఇళ్ళూ ఉన్నాయి అందులో. కార్తీకమాసంలో ఒక్కో ఇంటికి ఒక్కో రోజు. ఆ రోజు ఆ ఇంటి వాకిట్లో ఆ ఇంటి భక్తుడి కథ చదువుతారు. చదివి ఊరుకోరు. ఆ భక్తుడు ఏం చేశాడో ఆ ఇంటివాళ్ళు ఆ ఒక్కరోజు అది చేస్తారు. ఒక భక్తుడు ఉన్న ఉప్పంతా ఎవరికో ఇచ్చేశాడట, ఆ ఇంట్లో ఆ రోజు అందరికీ ఉప్పులేని పప్పు. ఇంకొకాయన ఇంటి కప్పు పీకి చలికాచుకునేవాళ్ళకు ఇచ్చాడట, ఆ ఇంటివాళ్ళు ఆ రాత్రి పిల్లాజెల్లాతో ఆరుబయట పడుకుంటారు. మా రికార్డింగు చూసే కుర్రాడు, నేను తమ్ముడూ అనే పిలుస్తాను, ఇల్లందు బొగ్గుగని కార్మికుల ఇంట్లో పుట్టినవాడు, భోజనప్రియుడు. ఉప్పులేని పప్పు రోజున రెండు ముద్దలు తిని నా చెవిలో, "మేడం, ఈ భక్తుడికి ఉప్పు తిరిగి ఇచ్చేటోళ్ళు ఎవ్వరూ దొరకలేదా?" అన్నాడు.

ఈ పదమూడు కథలనూ సీరియల్ చేద్దామని నేను కాగితం పెట్టాను. మా డైరెక్టరు గారు వెంటనే సంతకం చేశారు. చేస్తూ, "మొదటి ఎపిసోడ్‌గా నా పరిచయ ప్రసంగం ఉంటుంది," అన్నారు.

పిల్లలూ, ఇక్కడ మీకు తెలిసిన లెక్కే. మనకు సీరియల్ అంటే పదమూడు వారాలు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తెలియదు గానీ పదమూడు అంటే పదమూడే. పరిచయ ప్రసంగం ఒక వారం తినేస్తే మిగిలేవి పన్నెండు. భక్తులు పదమూడు మంది. ఒకరు బస్సు దిగాలి.

ఎవరు దిగాలో తేల్చడం పెద్ద కష్టం కాలేదు. ఆఖరి కథ అన్నిటికన్నా చిన్నది, చదివితే నాలుగైదు నిమిషాలు. అందులో రాజు లేడు, యుద్ధం లేదు, విమానం దిగిరాదు. పైగా ఊరి సొసైటీ ఛైర్మన్ గారు కూడా అదే మాట అన్నారు. వాళ్ళ తండ్రి కాలంలో కృష్ణాజిల్లా నుంచి వచ్చి భూములు కొనుక్కుని స్థిరపడ్డ కుటుంబం. మంచి మనిషి. మేం పోయినప్పుడల్లా కుర్చీలు, మజ్జిగ, కరెంటు పోతే జనరేటరు, అన్నీ ఆయనే చూసేవారు. "ఆ ఆఖరిది నాలుగు ముక్కలేనండి మేడమ్ గారూ. వదిలేసినా ఎవరూ ఏమీ అనుకోరు. అసలు మేమే ఈమధ్య దాన్ని ఎత్తేద్దామా అనుకుంటున్నామండి," అన్నారు. ఊళ్ళో కొత్తగా పఠన మండపం కడుతున్నారు. రేడియోలో ఏ వరసన వస్తే ఆ వరసనే మండపంలో బోర్డు మీద భక్తుల పేర్లు, ఇళ్ళ పేర్లు రాయిస్తామని, ఇక ముందు ఆ బోర్డు ప్రకారమే కార్తీకం నడుస్తుందని చెప్పారు. నాకు గర్వంగానే అనిపించింది. మన రేడియోకు ఇంకా ఇంత విలువ ఉందే అనుకున్నాను. బోర్డు మీద లేని ఇంటి సంగతి నా బుర్రకు తట్టలేదు.

ఆ సంగతి తట్టించడానికి ఒకామె రెండు బస్సులు మారి మా స్టేషనుకు వచ్చింది. ఆఖరి కథ వాళ్ళింటిది. యాభై దాటి ఉంటుంది, ఒక్కతే ఉంటుంది. అడవికి పోయి అడ్డాకులు కోసుకొచ్చి విస్తళ్ళు కుట్టి అమ్ముతుంది. తర్వాత తర్వాత మేమిద్దరం వదినా అంటే వదినా అనుకునేవాళ్ళం కాబట్టి ఇక్కడ కూడా వదిన అనే రాస్తాను. రాగానే నా బల్లమీద ఒక విస్తళ్ళ కట్ట పెట్టింది.

"మా ఇంటి కథ తీసేసిండ్రంట గదమ్మా," అంది.

నేను పదమూడు వారాల రూలు చెప్పాను. చాలా ఓపికగా, కాగితం మీద గీతలు గీసి మరీ చెప్పాను. ఆమె అంతా విన్నది.

"అవ్, అర్థమైంది. ఆ పదమూడు ఎవరు పెట్టిండ్రు?"

"పైవాళ్ళు."

"ఆళ్ళకు తెల్వదు గదా మాకు ఎంతమంది భక్తులున్నరో."

నాకు చిరాకు వచ్చింది. ఇంకా నయం, రేడియోలో రానంతమాత్రాన మీ కథ ఎక్కడికి పోతుంది, మీ రోజు మీకుంటుంది కదా అన్నాను. అప్పుడు చెప్పింది బోర్డు సంగతి. బోర్డు మీద లేకపోతే వచ్చే ఏడు నుంచి వాళ్ళింటికి రోజు లేదు. చదివే ఆయన రాడు, ఊరు వాకిట్లోకి రాదు.

"మొగుడు లేడు, కొడుకు లేడు. ఉన్న బిడ్డను మణుగూరు దిక్కు ఇచ్చిన. ఏడాదికి ఒక్కనాడు ఊరంత మా ఇంటికొస్తది అమ్మా. ఆ ఒక్కనాడు నేను ఊరికి పెద్దను. అది పోతే నేను ఉత్త ఆకులమ్ముకునేదాన్నే." ఏడవలేదు. చెప్పాల్సింది చెప్పి లేచింది. "ఆఖరి రోజు మాదే. ఒక్కసారి వచ్చి సూడుండ్రి. సూసినంక తీసేస్తే తీసెయ్యుండ్రి, ఏమనుకోను."

ఆమె పోయాక నేను ఆ నాలుగైదు నిమిషాల కథను మొదటిసారి సరిగ్గా చదివాను. ఊళ్ళో ఈ కథలు చదివే ఆయన పంపిన ఫోటో కాపీ నా దగ్గర ఉండనే ఉంది.

కథ ఇది. శివభక్తులకు రోజూ అన్నం పెట్టే ఒక మఠం. అక్కడ ఒకామె ఎంగిలాకులు ఎత్తుతుంది. పేరు కూడా లేదు, ఎంగిలాకులమ్మ అంతే. ఎందుకమ్మా నీకీ పని, కూర్చుని పూజ చేసుకోరాదా అని అడిగితే, పూజకు చాలామంది ఉన్నారు, ఆకులెత్తడానికి ఎవరూ లేరు అంటుంది. ఒకనాడు శివుడు ముసలి జంగం వేషంలో వచ్చి, భోజనాల బంతిలో అందరికన్నా ముందు కూర్చుని, సగం తిని సగం వదిలి లేచాడు. గుమ్మం దగ్గర ఆమె ఆపింది. ఎవరో ఏమిటో చూడకుండా గట్టిగా కోప్పడింది. శివుడు మారుమాట లేకుండా వెనక్కి వచ్చి, కూర్చుని, మెతుకు మిగల్చకుండా తిన్నాడు. తిని, ఆ బంతిలో ఉన్నవాళ్ళందరి ఆకులూ తనే ఎత్తాడు. ఆమెకు కైలాసం రాలేదు. మర్నాడు మళ్ళీ ఆకులెత్తడానికి వచ్చింది అని ఆఖరి పాదం.

చదివి, ఆ చదివే ఆయనకు ఫోన్ చేసి ఆ రోజు పద్ధతి అడిగాక ఛైర్మన్ గారి తొందర నాకు అర్థమైంది. వదిన ఇంటి రోజున బంతిలో మొదటి ఆకు ఎవరిదైతే వాళ్ళే తిన్నాక అందరి ఎంగిలాకులూ ఎత్తాలి. మొదటి ఆకు ఊరి పెద్దమనిషిది. అంటే ఛైర్మన్ గారిది. వాళ్ళ నాన్నగారు ఏటా ఎత్తేవారట, పంచె ఎగ్గట్టి. ఈయన మాత్రం రెండేళ్ళ నుంచి సరిగ్గా ఆ రోజున ఏదో పనిమీద సత్తుపల్లి పోతున్నారు.

డైరెక్టరు గారి దగ్గరికి పోయి, ఆ కథను కూడా రికార్డు చేద్దాం సార్ అన్నాను. పద్నాలుగో వారం తెమ్మంటారా అన్నారు. ఏదైనా రెండు కథలు కలుపుదామా అంటే, ప్రతి కథా ఇప్పటికే నిండుగా ఉంది. మీ ప్రసంగం తగ్గిద్దామా అనే ధైర్యం నాకు రాలేదు. ఆ ప్రసంగం ఆయనకు ప్రాణం. నేలకొండపల్లి బౌద్ధస్తూపం దగ్గర మొదలుపెట్టి, శాసనాల మీదుగా, పల్లవుల మీదుగా నడిచి, సమయం అయిపోయేసరికి ఇంకా దారిలోనే ఉంటుంది. ఆయన చదువుకున్న మనిషి, చెడ్డవారు కాదు. కాకపోతే ఆయన్ను ఎవరైనా కాదని ఎన్నాళ్ళయిందో. స్టేషన్లో అందరం సార్ సార్ అంటాం, ఆయన చెప్పకముందే తల ఊపుతాం. మనిషికి అదొక్కటి చాలు, చెవులు పనిచెయ్యడం మానేస్తాయి.

అయితే ఆయన ఆ ఊరికి వచ్చే పని మాత్రం ముందే కుదిరింది. ఆఖరి రోజున మండపంలో ముగింపు సభ. ఛైర్మన్ గారు డైరెక్టరు గారిని ముఖ్య అతిథిగా పిలిచారు. శాలువా, మెమెంటో సిద్ధం. భోజనం కూడా మండపంలోనే అన్నారట గానీ వదిన ఒప్పుకోలేదు. ఈ ఒక్క ఏడాది అన్నా పద్ధతి ప్రకారం మా వాకిట్లోనే కానీయండి, వచ్చే ఏడు మీ ఇష్టం అందట.

ఆ పొద్దున ఆఫీసు బండిలో నలుగురం బయలుదేరాం. డైరెక్టరు గారు, నేను, తమ్ముడు, డ్రైవరు. డైరెక్టరు గారికి పల్లెటూరి భోజనాల మీద నమ్మకం తక్కువ. అక్కడ ఎప్పుడు పెడతారో, ఏం పెడతారో అని దారిలో హోటల్ దగ్గర బండి ఆపించి, పూరీలు, ఆపైన ఒక పెసరట్టు తిన్నారు. నేను వద్దన్నాను. తమ్ముడు కూడా వద్దన్నాడు, అదే నాకు ఆశ్చర్యం. "అక్కడ గుమ్మడికాయ పులుసు మేడం. ఆ ఇంటామె మొన్ననే చెప్పింది," అన్నాడు.

వదిన వాకిలి అలికి ముగ్గేసి ఉంది. పైన టార్పాలిన్. చదివే ఆయన, రిటైరైన బస్సు కండక్టరు, గంట కొట్టినట్టుండే గొంతు. కథ చదివేశాడు. నాలుగైదు నిమిషాలే. జనం కదలకుండా విన్నారు. చిన్న కథే కానీ అందరూ దేనికోసమో చూస్తున్నట్టు కూర్చున్నారు. తమ్ముడు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మెషీన్ ఆన్ చేసి ఉన్నాడు. ఈ కథ లేదు కదా అని నేను సైగ చేస్తే, "ఊకనే మేడం, సౌండు లెవెల్ సూస్తున్న," అన్నాడు.

తర్వాత ఆకులు వేశారు. వాకిలి పొడవునా ఒకటే బంతి, అడ్డాకుల విస్తళ్ళు. అందరూ నిలబడే ఉన్నారు, మొదటి ఆకు దగ్గర ఎవరు కూర్చుంటారా అని. ఛైర్మన్ గారు ఆ రోజు తప్పించుకుని పోవడానికి లేదు, సభ ఆయనదే. ఆయన చిరునవ్వుతో మా డైరెక్టరు గారి చెయ్యి పట్టుకున్నారు.

"మా ఊరికి మీరు పెద్ద అతిథి సార్. మొదటి ఆకు మీదేనండి. తమరు కూర్చోవాలి."

వాకిట్లో అందరి చూపులూ అటే తిరిగాయి. ఒకరిద్దరు ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. డైరెక్టరు గారు ఈ గౌరవానికి ముఖం వెలిగిపోగా పోయి కూర్చున్నారు. తమ్ముడు నా వైపు వంగి, "మేడం, సార్‌కు చెప్పాల్నా?" అన్నాడు. నిజం చెబుతున్నాను, నేను వద్దని తల ఊపాను. ఎందుకో నాకు ఆ క్షణంలో గొప్ప సంతోషం కలిగింది. ఇప్పటికీ దానికి నేను సిగ్గుపడటం లేదు.

వేడి అన్నం, కందిపప్పు, గుమ్మడికాయ పులుసు, చింతపండు చారు, బెల్లం పరమాన్నం. తమ్ముడు ఒక చేత్తో మైకు పట్టుకుని ఇంకో చేత్తో తిన్నాడు. డైరెక్టరు గారు పప్పన్నం రెండు ముద్దలు, పులుసు ఒక ముద్ద తిని, పరమాన్నం వేలితో ముట్టుకుని, అన్నం కుప్ప అట్లాగే వదిలేసి లేచారు. పూరీలు తమ పని తాము చేశాయి. చెయ్యి కడుక్కోవడానికి వాకిలి దాటబోయారు.

అక్కడ వదిన ఉంది. రాగి చెంబుతో నీళ్ళు పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అప్పటిదాకా సారూ, తినుండ్రి సారూ అని వడ్డించిన మనిషి. ఒక్కసారిగా గొంతు మారిపోయింది. బొంగురుగా, పెద్దగా, ఎక్కడినుంచో వచ్చినట్టు ఉంది.

"ఎటు పోతున్నవయ్యా? ఆకుల అన్నం ఉంచి ఎటు పోతున్నవ్? వండినదాని చేతులు సూసినవా? దున్నినోని కాళ్ళు సూసినవా? నువ్వెంత పెద్దోనివైతే నాకేంది? మెతుకు కంటె పెద్దోనివా? పో. పొయ్యి కూసో."

పుస్తకంలో "గట్టిగా కోపించెను" అని మాత్రమే ఉంది. ఈ మాటలు పుస్తకంలో లేవు, ఆ ఇంటివి. అత్త నుంచి కోడలికి వస్తాయట. నాకది తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నా సరదా అంతా దిగిపోయింది. రిటైర్‌మెంటు ముందు నాకొక మెమో, ఆమె కథకు శాశ్వతంగా మంగళం అనుకున్నాను. ఇప్పుడు ఆయన ఒక్క విసురు విసిరి బండెక్కితే ఛైర్మన్ గారికి కావలసింది అదే. పెద్దమనుషులను అవమానించే పద్ధతి మనకెందుకు అని అక్కడికక్కడే తేల్చేస్తారు.

ఛైర్మన్ గారు అప్పటికే పరుగున వచ్చారు. "అయ్యయ్యో, సార్ గారికి షుగరమ్మా, వదిలెయ్. సార్, మీరు రండి సార్, మండపంలోకి వెళ్దాం."

డైరెక్టరు గారు కదలలేదు. ముఖం ఎర్రబడింది. వదిన కూడా కదలలేదు, కానీ చెంబులో నీళ్ళు వణుకుతున్నాయి. అది నేను చూశాను. ఆయన కూడా చూశారనుకుంటాను. వెనక్కి తిరిగి తన ఆకువైపు చూశారు. పోయి కూర్చున్నారు. మాట్లాడకుండా అన్నం కలుపుకున్నారు.

ఆ భోజనం ఎంతసేపు సాగిందో. ఊరంతా కూర్చుని ఆయన తినేది చూస్తోంది. మధ్యలో ఒకసారి తలెత్తి, "కొంచెం చారు," అన్నారు. ఒక ముసలమ్మ చారు పోసి, "మెల్లగ తిను బిడ్డా, తొందరేం లేదు," అంది. ఆకు శుభ్రమయ్యాక లేవబోతుంటే వదిన తట్ట తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయనకు అర్థం కాలేదు. నా వైపు చూశారు.

"పద్ధతి ఏమిటి మేడమ్?"

"మొదటి ఆకు ఎవరిదైతే వాళ్ళే అందరి ఆకులూ ఎత్తాలి సార్."

"మీకిది ముందే తెలుసా?"

"తెలుసు సార్."

ఆయన నన్ను చూసిన చూపు నేను బతికున్నంతకాలం మర్చిపోను. తర్వాత ఛైర్మన్ గారిని చూశారు. ఆయన ఆకాశంవైపు చూస్తున్నారు. డైరెక్టరు గారు వాచీ తీసి నా చేతికిచ్చి, చొక్కా చేతులు మడిచారు.

ఆకు ఎత్తడం ఆయనకు రాదు. మొదటిది ఎత్తగానే చారు కారి ప్యాంటు మీద పడింది. వదిన పక్కన నడుస్తూ, మామూలు గొంతుతో, "గట్ల కాదు సారూ, నీ దిక్కు మడువు. అవ్, గట్ల. ఇగ ఎత్తు," అని నేర్పింది. మూడో ఆకు నుంచి చెయ్యి కుదిరింది. చిన్నపిల్లల ఆకులు, ముసలివాళ్ళ ఆకులు, డ్రైవరు ఆకు, నా ఆకు అన్నీ ఎత్తారు. నా జీవితంలో అంత ఇబ్బందిగా ఎప్పుడూ నిలబడలేదు.

సగం బంతి దాటాక ఛైర్మన్ గారు ఇక ఆగలేకపోయారు. కండువా నడుముకు బిగించి అటు చివరి ఆకు మీద చెయ్యి వేశారు. వదిన అక్కడినుంచే అరిచింది.

"నువ్వు ఆగయ్యా ఛైర్మను. ఒక బంతికి ఒక్కరే. నీ వంతు వచ్చే ఏడు. మల్ల సత్తుపల్లి పోయేవు."

జనం ఒక్కసారిగా పక్కున నవ్వారు. ఛైర్మన్ గారు కూడా నవ్వేశారు. సిగ్గుతో నవ్వినా, నవ్వు మంచిగానే ఉంది. "వస్తానమ్మా, వచ్చే ఏడు నేనే ఎత్తుతాను," అన్నారు. అందరి ముందరా అన్నారు.

ఆకులన్నీ ఎత్తాక వదిన అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఏడాదంతా ఆకులు కుట్టే మనిషి, ఆ రోజు ఒక్క ఆకూ ముట్టుకోలేదు.

సభ జరిగింది, శాలువా కప్పారు. దాని సంగతి నాకు గుర్తులేదు. తిరుగుప్రయాణంలో బండెక్కేసరికి డైరెక్టరు గారి ప్యాంటు మీద చారు మరక ఎండింది. రోడ్డెక్కాక ఆయనే అందుకున్నారు.

"నన్ను నువ్వు అని ఎవరైనా తిట్టి ఎన్నేళ్ళయిందో మేడమ్. ఇంట్లో మా ఆవిడ కూడా మీరనే అంటుంది. ఆమె కూర్చో అనగానే నా కాళ్ళు వాటంతట అవే వెనక్కి తిరిగాయి. విచిత్రం."

నేను ఊ కొట్టాను. అంతకన్నా మాట్లాడితే ప్రమాదం.

"నా ప్రసంగం ఎంతసేపుంది?"

"అరగంటకు రెండు నిమిషాలు తక్కువ సార్."

"అందులో భక్తులు ఎక్కడ వస్తారు?"

నేను సర్దిచెప్పేలోపు వెనక సీట్లోంచి తమ్ముడు, "రారు సార్," అన్నాడు.

డైరెక్టరు గారు నవ్వడం మొదలుపెట్టారు. భుజాలు కదిలేటట్టు నవ్వారు. "అయితే తీసెయ్యండి దాన్ని. ఆ వారం ఈమెకివ్వండి. ఇవ్వాళ రికార్డు చెయ్యలేదు కదా, మళ్ళీ పోవాలేమో," అన్నారు. తమ్ముడు చాలా అమాయకంగా, "లెవెల్ చూస్తూ చూస్తూ మొత్తం రికార్డులో పడిపోయింది సార్," అన్నాడు. తిట్టు కూడా పడిందా అంటే పడిందన్నాడు. మర్నాడు స్టూడియోలో డైరెక్టరు గారు తలుపు వేసుకుని ఒక్కరే విన్నారు. బయటికి వచ్చి ఒకటే మాట అన్నారు. "నా పేరు చెప్పకండి. మిగతాదేమీ కత్తిరించకండి."

కథ నాలుగైదు నిమిషాలే కాబట్టి మిగతా సమయమంతా వాకిలిని వాడుకున్నాం. వడ్డనలు, చారు జుర్రడం, తిట్టు, ఆ తర్వాతి నిశ్శబ్దం, తట్టలో ఆకులు పడే చప్పుడు. పిల్లలూ, నేను ఎన్నో పెద్ద పెద్ద వక్తలతో ఈ భక్తుల గురించి మాట్లాడించాను. మధ్యయుగాల సాహిత్యం, నేటి సమాజంపై దాని ప్రభావం అని పేర్లు పెట్టి చర్చలు నడిపాను. అవన్నీ అబద్ధమని అనను. కానీ ఆ పాత కవి ఎవరైతేనేం, రాజులను పక్కనపెట్టి ఒక ఆకులెత్తే ఆమెను లెక్కలోకి తీసుకున్నాడు. అందువల్ల ఇన్ని వందల ఏళ్ళ తర్వాత చండ్రుగొండ దగ్గర ఒకామెకు ఏడాదికొక రోజు దక్కింది. ప్రభావం అంటే నాకు తెలిసినంతలో అదే. మేము పదమూడు వారాలని ఆ రోజును ఊడబెరకబోయాం.

ఎపిసోడ్ ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళకు వచ్చింది. అయిపోయిన కాసేపటికి వదిన ఫోన్ చేసింది. ఏమంటుందోనని నాకు లోపల బెదురుగానే ఉంది. తనను తాను మొదటిసారి రేడియోలో విన్నవాళ్ళు చాలామంది అలుగుతారు.

"బోర్డు మీద రాశారా వదినా?" అని ముందు నేనే అడిగాను.

"రాసిండ్రు. ఛైర్మనే దగ్గరుండి రాయించిండు, పెద్ద అక్షరాలతోని. గది కాదు వదినా నేను ఫోన్ జేసింది." ఆగింది. "రేడియోల తిట్టింది నేను కాదు."

నాకు అర్థం కాలేదు. ఏదన్నా కలగాపులగం చేశామా అనుకున్నాను. నువ్వే కదా వదినా, నేను అక్కడే ఉన్నాను కదా అన్నాను.

"నేను కాదు, మా అత్త. అచ్చం మా అత్త గొంతే. ఆమె పొయ్యి శానా ఏండ్లాయె. ఆమె కూడ అనేది వదినా, ఆనాడు వచ్చేది నా గొంతు కాదే, మా అత్తదే అని. ముసల్ది ఊకనే అంటుందనుకున్న." ఆమె నవ్వింది. "అన్నం ముందు పెట్టుకొని ఫోన్ల రేడియో ఇంటున్న. ఎందుకో తినబుద్ధిగాలె, సగం ఉంచి చెయ్యి కడుగబోయిన. గప్పుడే ఫోన్లకెల్లి పో, పొయ్యి కూసో అన్నది. నిజంగ చెప్తున్న వదినా, మెల్లగ పొయ్యి కూసొని మొత్తం తిన్న."